బ్యాంకు పేరిట వచ్చు దొంగ జాబులు

పులివెందుల ప్రాంతమున వేముల మండలమునందలి తుమ్మలపల్లె పేరు నేడు దేశమంతట తెలిసినదే. 2007వ సంవత్సరమున యురేనియం కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన పిమ్మట ఆ గ్రామమునందును, చుట్టుపట్ల పల్లెలయందును కొందరి భూములు గనికి పోయినవి. భూమికి బదులుగా రైతు చేతికి ధనము వచ్చినది. ఆ ధనము బ్యాంకు ఖాతాలో చేరినది. గని మంచిచెడ్డలు వేరు చర్చ. ఇచ్చట మేము చెప్పదలచినది ఒక్కటే. తాతలనాటి భూమిని రాత్రికి రాత్రి ఎత్తుకొనిపోగల దొంగ ఇంతవరకు పుట్టలేదు. గట్టు జరుపువాడును, దొంగ దస్తావేజు పుట్టించువాడును ఎల్లకాలమును ఉన్నారు. కాని వారితో వ్యాజ్యమాడుటకు రైతునకు ఏండ్ల తరబడి వ్యవధి యుండెడిది. ఖాతాలోని ధనమునకు అట్టి వ్యవధి లేదు. ఒక జాబు వచ్చును. దానిని నమ్మి నాలుగు అంకెలు వ్రాయుదుము. కాఫీ త్రాగి లేచునంతలో ఖాతా ఖాళీ.

పరిహారపు సొమ్ము మాత్రమే కాదు. అరటి గెలల వెల, చీనీకాయల వెల, 2019 నుండి కేంద్ర ప్రభుత్వము ఏటేట మూడు వాయిదాలలో రైతుల కిచ్చుచున్న ఆరువేల రూపాయలు, ప్రొద్దుటూరి బంగారు వర్తకుల నిత్య వ్యవహారము, కువైటునుండి బిడ్డలు పంపు సొమ్ము, సమస్తమును నేడు ఖాతాల మీదుగనే నడచుచున్నది. ఇనుప పెట్టెకు తాళము వేసిన చేతులే ఇప్పుడు ఫోనునకు రహస్య సంఖ్య వేయుచున్నవి. ఆ సంఖ్యను తెలిసికొనుటయే నేటి దొంగకు పని.

ఈ దొంగతనమునకు ఆంగ్లమున ఫిషింగ్ అని పేరు. చేపలు పట్టుట యను మాటనే అక్షరము మార్చి వ్రాసినారు. గాలము వేయువానికి చెరువులో ఏ చేప చిక్కునో తెలియదు, తెలియనక్కరయు లేదు. అట్లే ఈ మోసగాడు వేలకొలది జనులకు ఒకే ఈమెయిలు పంపును. అందులో ఆ బ్యాంకున ఖాతాయే లేనివారు పెక్కురుందురు. వారు నవ్వి తుడిచివేయుదురు. మిగిలినవారిలో పదిమంది చాలును వానికి.

జాబు రూపమేమి? పైన బ్యాంకు ముద్ర, అదే రంగు, క్రింద అధికారి హోదా. నడుమ నాలుగు పంక్తులు: తమ కేవైసీ గడువు తీరినది, ఇరువదినాలుగు గంటలలో ఈ లింకు నొక్కి వివరములు నింపనిచో ఖాతా నిలిపివేయబడును. లింకు నొక్కినచో అచ్చముగ బ్యాంకు పుటవలె నుండు పుట తెరచుకొనును. అందు మనము వ్రాసిన పేరును, రహస్యపదమును దొంగకు చేరును. వాడు అదే నిమిషమున వానిని అసలు బ్యాంకు పుటలో వ్రాయును. అసలు బ్యాంకు మన ఫోనునకు ఓటీపీ పంపును. నకిలీ పుట ఆ ఓటీపీని కూడ మననే అడుగును. మనమే వ్రాసి యిత్తుము. దొంగకు దీపము పట్టి పెట్టె చూపినట్లైనది.

ఈ జాబులు నమ్మదగినట్లు కనబడుటకు మన బ్యాంకుల చరిత్రయే తోడ్పడినదని మా అభిప్రాయము. 1923లో భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు బందరున స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1వ తేదీన యూనియన్ బ్యాంకులో లీనమైనది. ఆంధ్రుల పేరు మోసిన సంస్థ పేరు అట్లు తుడిచిపెట్టుకొనిపోవుట పలువురకు మనసు నొప్పించినది; ఆ మాట అట్లుండనిండు. అదే దినమున సిండికేటు బ్యాంకు కెనరా బ్యాంకులో కలిసినది. కడప కేంద్రముగా 2006లో ఏర్పడిన ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు 2025 మే 1వ తేదీన రాష్ట్రములోని తక్కిన గ్రామీణ బ్యాంకులతో కలిసి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకైనది. ఊరు కదలని రైతు, బ్యాంకు మార్చని రైతు, తన పాసుపుస్తకముపై పేరు మారుట చూచినాడు. చెక్కుపుస్తకములు మారినవి, శాఖల సంకేతములు మారినవి. ప్రతిసారియు అసలు బ్యాంకులే వివరములు సరిచూచుకొనుడని వర్తమానములు పంపినవి. ఇట్టి వర్తమానములకు అలవాటుపడిన కన్ను దొంగజాబును ఏల శంకించును?

చదువురానివారే మోసపోవుదురని మన పట్టణవాసులలో కొందరకు ఒక ధీమా కలదు. వారు హైదరాబాదు మహేశ్ సహకార బ్యాంకు వృత్తాంతమును తెలిసికొనవలెను. 2021 నవంబరు మాసమున ఆ బ్యాంకు ఉద్యోగులకు రెండువందలకు మించిన గాలపు ఈమెయిళ్లు వచ్చినట్లు హైదరాబాదు పోలీసుల దర్యాప్తులో తేలినది. వానిని ఇద్దరు ఉద్యోగులు తెరచిరి. అంతే. ఆ దారిని లోపలికి ప్రవేశించిన దొంగమంత్రము వారి కంప్యూటర్లను దూరమునుండి నడపు శక్తిని మోసగాండ్ర కిచ్చినది. వారు తొందరపడలేదు; రెండు మాసములు పొంచియుండి, 2022 జనవరిలో పండ్రెండున్నర కోట్ల రూపాయలకు చేరువైన మొత్తమును మొదట అదే బ్యాంకులోని కొన్ని ఖాతాలకు, అచ్చటనుండి దేశమునందలి వందలకొలది ఖాతాలకు మరలించి, ఏటీఎంలలో తీసికొనిపోయిరి. రక్షణ ఏర్పాట్లలోని లోపములకై రిజర్వు బ్యాంకు 2023లో ఆ బ్యాంకునకు 65 లక్షల జరిమానా విధించినది. అంతకు పూర్వము 2016లో బంగ్లాదేశ్ కేంద్రబ్యాంకు సొమ్ము ఎనిమిది కోట్ల పది లక్షల డాలర్లు అపహరింపబడినప్పుడును తొలి ద్వారము తెరచినది ఉద్యోగార్థి దరఖాస్తు వేషమున వచ్చిన ఈమెయిలే. బ్యాంకులో కూర్చుండి నిత్యము లెక్కలు చూచువారే చిక్కినప్పుడు, పొలము గట్టున నిలిచి ఫోను చూచు రైతును తెలివితక్కువవాడనుట అన్యాయము. గాలమునకు ఎర అజ్ఞానము కాదు, తొందర.

కనుక గుర్తించుట ఎట్లు? ఈ విషయమున మనకు సమీపముననే ఒక మేలు జరిగినది. రిజర్వు బ్యాంకు 1996లో హైదరాబాదున స్థాపించిన ఐడీఆర్‌బీటీ యను సంస్థకు, దేశములోని బ్యాంకులకు మాత్రమే చెల్లు ప్రత్యేకమైన వెబ్ చిరునామా లిచ్చు అధికారము 2025లో ఒప్పగింపబడినది. ఆ చిరునామాలు ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అను తోకతో ముగియును. ఆ సంవత్సరము అక్టోబరు 31వ తేదీలోపల బ్యాంకులన్నియు ఆ తోకకు మారవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. స్టేటు బ్యాంకు వెబ్ చిరునామా నేడు ‘ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్’. ఈ తోకను బ్యాంకు కానివాడు కొనలేడు.

అయితే తోకను చూచుటలో ఒక కిటుకు కలదు. పాఠకులు దీనిని కొంచెము ఓపికతో గ్రహింతురుగాక. తపాలా జాబుమీద పైపంక్తిలో ఎవరి పేరున్నను, జాబు పోవునది క్రింది పంక్తిలోని ఊరికే గదా. వెబ్ చిరునామాయు అట్టిదే. మొదటి ఏటవాలు గీతకు ముందు కుడివైపున నున్నదే అసలు యజమాని గుర్తు; ఎడమవైపున ఎన్ని గొప్ప పేర్లయినను వ్రాసికొనవచ్చును. ‘ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అని మొదలుపెట్టి, మరియొక చుక్క పెట్టి, వేరొక పేరుతో ముగించినచో ఆ చిరునామా ఆ చివరి పేరువానిదే గాని బ్యాంకుది కాదు. మరియు ‘బ్యాంక్’ అను మాటకు ముందు చుక్కయే యుండవలెను. చుక్కకు బదులు అడ్డగీత యున్నను, బ్యాంకు పేరు దానితో కలిపి వ్రాసియున్నను అది నకిలీకి గుర్తు. ఒక్క చుక్కలో లక్షలు పోవునా యని నవ్వువారు, దస్తావేజులో సర్వే నంబరున ఒక అంకె తప్పిన ఏమగునో తలచుకొందురుగాక.

పంపినవాని పేరు నమ్మదగినది కాదు. ఫోనులో కనబడు ఆ పేరును ఎవడైనను తనకు నచ్చినట్లు పెట్టుకొనగలడు. దానిపై వ్రేలు ఉంచి చూచినప్పుడే అసలు చిరునామా బయటపడును. ఆ చిరునామాను సైతము కొన్నిచోట్ల కల్పింపవచ్చును. చిరునామా ప్రక్కన కనబడు తాళపుగుర్తు దారిలో ఇతరులు చదువలేరని మాత్రమే చెప్పును. దారి చివర నున్నవాడు దొర యో దొంగ యో అది చెప్పదు. పూర్వము తప్పులతడక భాషను చూచి దొంగను పట్టగలిగెడివారము. కృత్రిమమేధ వచ్చిన పిదప వాడు తప్పులేని ఇంగ్లీషును, తెలుగును గూడ వ్రాయగలడు. కావున జాబు అందచందములను గాక, అది మననుండి ఏమి కోరుచున్నదో దానినే చూడవలెను. రహస్యపదము, పిన్ను, ఓటీపీ కోరు జాబు ఏ బ్యాంకుది కాదు. లింకు నొక్కుమను జాబు నిజమైనదే అయినను నొక్కనక్కర లేదు. బ్యాంకు చిరునామాను మనమే వ్రాసికొని తెరువవచ్చును, లేదా పాసుపుస్తకము తీసికొని శాఖకు పోవచ్చును. ఒక పూట ఆలస్యమైనందువలన ఎవరి ఖాతాయు మాయము కాదు.

వాట్సాపున, ఎస్సెమ్మెస్సున వచ్చునవియు ఈ గాలమునకు కొత్త ఎరలే. కిసాన్ వాయిదా పేరిటనో, బ్యాంకు పేరిటనో ఏపీకే యను ఫైలు పంపి ఫోనులో పెట్టుకొనుమందురు. పెట్టుకొన్నచో మనము చెప్పకయే మన ఓటీపీలను అది చదువుకొనును.

ఇంత చెప్పి బ్యాంకులను విడిచిపెట్టుట న్యాయము కాదు. జాగ్రత్త, జాగ్రత్త యని ఖాతాదారునకు బోధించు బ్యాంకులే తమ నిజమైన జాబులలో లింకులు పెట్టుచున్నవి, గడువులు పెట్టి తొందరపెట్టుచున్నవి, అదియు రైతునకు రాని ఇంగ్లీషున. దొంగ అనుకరించునది ఈ మర్యాదనే గదా! వివరములు మార్చవలసి వచ్చినప్పుడు తెలుగున వ్రాసి, లింకు లేక, శాఖకు రమ్మని పిలిచినచో నష్టమేమి? పులివెందులనుండి జమ్మలమడుగు వరకు ప్రతి శాఖ గోడపైనను ఆ బ్యాంకు సరియైన చిరునామాను పెద్ద అక్షరములతో తెలుగున వ్రాయించుటకు సున్నపు ఖర్చు కన్న ఎక్కువ కాదు.

మోసము జరిగిన పిమ్మట సిగ్గుపడి దాచుకొనుట దొంగకు రెండవ సాయము. వెంటనే 1930 సంఖ్యకు ఫోను చేసినచో సొమ్ము ఒక ఖాతానుండి మరియొక ఖాతాకు పోవు దారిలోనే దానిని నిలుపుటకు ప్రయత్నింతురు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ పుటలోను ఫిర్యాదు చేయవచ్చును. బ్యాంకునకు తెలిపి వ్రాతపూర్వకముగ రసీదు పొందవలెను. ఏలనన, 2017 జూలై 6న రిజర్వు బ్యాంకు వెలువరించిన ఉత్తర్వునందు, ఖాతాదారుని అజాగ్రత్తవలన పోయిన సొమ్ము అతడు తెలియజేయువరకు అతని నష్టమనియు, తెలియజేసిన పిదప పోయినది బ్యాంకు నష్టమనియు నిర్ణయింపబడినది. ఖాతాదారునిదే తప్పని రుజువు చేయు భారమును బ్యాంకు మీదనే ఉంచినారు.

రహస్యపదము మనమే యిచ్చితిమి గావున ఇక దిక్కులేదని నిరాశ చెందనక్కర లేదు. తూత్తుకుడిలో ఖాతాగల ఒక ప్రవాసి అబూదాబిలో పనిచేయుచుండగా, 2007లో ఐసీఐసీఐ బ్యాంకు పేరిట వచ్చిన ఈమెయిలునకు బదులిచ్చి ఆరు లక్షలకు పైబడిన సొమ్ము పోగొట్టుకొన్నాడు. తప్పు అతనిదేనని బ్యాంకు వాదించినది. ఐటీ చట్టము క్రింద విచారించిన తమిళనాడు అధికారి 2010 ఏప్రిలులో, బ్యాంకు రక్షణ చాలినంత లేదని నిర్ణయించి, 12 లక్షల 85 వేల రూపాయలు చెల్లింపుమని ఉత్తరువు చేసెను. కువైటున, దుబాయిన కష్టించు మన జిల్లావారికి ఈ తీర్పు పరాయిది కాదు. మన రాష్ట్రమునందును ఆ చట్టము క్రింద ఐటీ శాఖ కార్యదర్శియే అట్టి విచారణాధికారి. ఆయన ఎదుటికి పోవువాడు ఖాతా లెక్కల పత్రమును, బ్యాంకు రసీదును, వీనితోపాటు ఆ దొంగజాబును గూడ తీసికొనిపోవలెను. కోపముకొలది దానిని తుడిచివేసినవాని చేతిలో సాక్ష్యము మిగులదు.