పత్తి గింజలో పేటెంటు

పర్చూరు చుట్టుపక్కల నల్లరేగడి పత్తికి పెట్టింది పేరు. 1980ల నడుమ తెల్లదోమ, దాని వెంట శనగపచ్చ పురుగు ఆ చేలను ఊడ్చేశాయి. మందు మీద మందు కొట్టినా పురుగు చావలేదు. 1987-88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో అప్పుల పాలైన పత్తి రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అలాంటి నేలకు, కాయతొలుచు పురుగును మొక్కే చంపుతుందనే విత్తనం వచ్చింది.

దాని మూలం ఒక బ్యాక్టీరియా. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రవేత్త పట్టుపురుగుల జబ్బులో దాన్ని గుర్తించాడు. 1911లో జర్మనీలో బెర్లినర్ అనే శాస్త్రవేత్త పిండిని తినే పురుగుల్లో చూసి, తురింగియా ప్రాంతం పేరిట బాసిల్లస్ తురింజియెన్సిస్ అన్నాడు. అదే బీటీ. అది తయారుచేసే ప్రొటీన్ స్ఫటికం పురుగు కడుపులోని క్షారంలో కరిగి, పేగు గోడకు అంటుకుని చిల్లులు పొడుస్తుంది. పురుగు మేత మానేసి చస్తుంది. ఆ ప్రొటీన్ జన్యువును మోన్‌శాంటో కంపెనీ పత్తిలో చేర్చి 1996లో అమెరికాలో అమ్మకానికి పెట్టింది. మన దేశంలో 2002 మార్చిలో అనుమతి దొరికింది.

ఆ విత్తనం 450 గ్రాముల ప్యాకెట్ ధర 1,850 రూపాయల దాకా పోయింది. అందులో 1,250 జన్యువు పేరిట రుసుమే. ఇంతా చేసి ఆ మొదటి రకం బోల్‌గార్డ్‌కు భారతదేశంలో పేటెంటే లేదు. విత్తన కంపెనీలతో రాసుకున్న ఒప్పందాల బలంతోనే రుసుము వసూలైంది. 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేసి, ప్యాకెట్ ధరను 750కి దించింది. ఆ పని చేయడానికి ఒక రాష్ట్రానికి ధైర్యం కావలసి వచ్చింది. మన ప్రభుత్వం చూపింది.

రెండో రకం బోల్‌గార్డ్-2కు మాత్రం పేటెంటు ఉంది. 1999 నవంబరు దరఖాస్తు, 2008లో మంజూరు. రుసుము తగువు ముదిరి 2015లో హైదరాబాద్‌కు చెందిన నూజివీడు సీడ్స్‌తో మోన్‌శాంటో ఒప్పందం తెంచుకుంది. మరుసటి ఏడాది ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం. మొక్కలకు, విత్తనాలకు పేటెంటు ఇవ్వకూడదని పేటెంట్ల చట్టంలోని సెక్షన్ 3(జె) చెబుతుంది. ప్రయోగశాలలో కట్టిన జన్యువు గింజలోకి చేరి తరతరాలకు పాకితే అది ఆవిష్కరణా, విత్తనమా? 2018 ఏప్రిల్‌లో డివిజన్ బెంచ్ ఆ పేటెంటు చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, సాక్ష్యాలు విచారించి తేల్చమంది. అదే ఏడాది నవంబరుకు పేటెంటు ఇరవయ్యేళ్ల గడువు తీరింది. 2021 మార్చిలో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. ప్రశ్న ప్రశ్నగానే మిగిలింది.

ఈలోగా గులాబి రంగు పురుగు రెండు రకాలకూ అలవాటుపడింది. అలా అలవాటుపడకుండా, అప్పట్లో ప్యాకెట్‌తో పాటు ఇచ్చిన 120 గ్రాముల బీటీ కాని విత్తనాన్ని గట్ల వెంట వేయాలన్న జాగ్రత్త చాలాచోట్ల గాలికి పోయింది. దాని ఫలితం చేలల్లో కనిపిస్తోంది.

కష్టపడి కనిపెట్టినవారికి ప్రతిఫలం దక్కాలి, సందేహం లేదు. కానీ హక్కు ఉందో లేదో తేలకముందే గడువు తీరిపోయే పేటెంటు వ్యవస్థ ఎవరికీ న్యాయం చేయదు. 2001 నాటి మొక్కల రకాల చట్టం రైతుకు విత్తనం దాచుకునే, మార్చుకునే హక్కు ఇచ్చింది. పేటెంటు ఆ హక్కు అంచున ఎక్కడ ఆగాలో పార్లమెంటు స్పష్టంగా రాయాలి. విత్తన పేటెంటు వివాదాలకు విచారణ గడువు పెట్టాలి. తర్వాతి జన్యువు మన చేలకు రాకముందే ఈ రెండూ జరగాలి.