హుడ్‌ కొంటున్నారా? ముందు లెన్స్‌ మాట వినండి

బీటెక్‌ ఫైనలియర్‌లో నాకు దొరికిన మొదటి ‘పెయిడ్‌’ ఆర్డర్‌ తెలిసినవాళ్లింట్లో నిశ్చితార్థం. మూడు వేలు ఇస్తామన్నారు. కెమెరా బాబాయ్‌ది. డాబా మీద షామియానా, పక్కనుంచి ఉదయపు ఎండ. ఇంటికొచ్చి ల్యాప్‌టాప్‌లో చూస్తే సగం ఫొటోలు పాలు కలిపినట్టు వెలిసిపోయి ఉన్నాయి. పెళ్లికూతురి పట్టుచీర రంగే నిలబడలేదు. లెన్స్‌ పాడు చేశానేమో, బాబాయ్‌కి ఏం చెప్పాలిరా దేవుడా అని ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తీరా చూస్తే లెన్స్‌కి ఏమీ కాలేదు. దాని ముందు ఉండాల్సిన నల్లటి ప్లాస్టిక్‌ గొట్టం లేదు, అంతే! దాన్నే లెన్స్‌ హుడ్‌ అంటారు.

ఉద్యోగం వచ్చేలోపు ఫంక్షన్‌ ఫొటోలు, ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లకు ప్రొడక్ట్‌ ఫొటోలు తీస్తూ పాకెట్‌మనీ సంపాదిస్తున్నవాళ్లు మీలో చాలామందే ఉంటారు. నేను రెండుసార్లు చేసిన తప్పు మీరు ఒక్కసారి కూడా చేయకూడదనే ఇది రాస్తున్నా.

అసలు ఇది చేసే పనేంటి?

ఫ్రేమ్‌లో లేని వెలుగు కూడా లెన్స్‌ ముందు గాజు మీద పడుతుంది. లోపలున్న గాజుల మధ్య అటూ ఇటూ తగిలి ఫొటో అంతా పొగమంచులా పరుచుకుంటుంది. నలుపు బూడిద రంగులోకి మారుతుంది, కాంట్రాస్ట్‌ పోతుంది. ఎండలో కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకుంటాం కదా, హుడ్‌ లెన్స్‌కి చేసేదీ అదే. బ్యాగ్‌ గోడకు తగిలితే దెబ్బ ముందు ప్లాస్టిక్‌కి తగులుతుంది, గాజుకు కాదు. అది అదనపు లాభం. అయితే సూర్యుడే ఫ్రేమ్‌లో ఉంటే మాత్రం ఏ హుడ్డూ ఏమీ చేయలేదు.

నా రెండో తప్పు

నిశ్చితార్థం దెబ్బకి హడావుడిగా ఆన్‌లైన్‌లో రూ.180 పెట్టి పూరేకుల్లా ఉండే హుడ్‌ తెప్పించా. చూడ్డానికి ప్రొఫెషనల్‌గా ఉంది మరి! డిపార్ట్‌మెంట్‌ ఫేర్‌వెల్‌ గ్రూప్‌ ఫొటో తీస్తే మూలలు నల్లగా వచ్చాయి. పై వరుస చివర నిలబడ్డ ఇద్దరు ఫ్రెండ్స్‌ చీకట్లో కలిసిపోయారు.

కారణం చిన్నదే. ఫ్రేమ్‌ అడ్డంగా వెడల్పు కాబట్టి పూరేకుల హుడ్‌ని పైన, కింద పొడవుగా, పక్కల పొట్టిగా, మూలల దగ్గర లోతుగా కోస్తారు. అది ఎప్పుడూ అదే దిశలో నిలబడాలి. నా కిట్‌ లెన్స్‌లో ఫోకస్‌ చేస్తే ముందు భాగం తిరుగుతుంది. దాంతో హుడ్డూ తిరిగి, పొడవు రేకులు మూలలకు అడ్డం వచ్చాయి. కంపెనీలకు ఈ సంగతి తెలుసు. కానన్‌ 18-55 ఐఎస్‌ 2 లెన్స్‌ ముందు భాగం తిరుగుతుంది కాబట్టి దానికి గుండ్రటి ఈడబ్ల్యూ-60సీ హుడ్‌ ఉంటుంది. ముందు భాగం తిరగని 18-55 ఐఎస్‌ ఎస్‌టీఎంకి ఇచ్చింది పూరేకుల ఈడబ్ల్యూ-63సీ. రెండూ 18-55లే, హుడ్‌లు మాత్రం వేరు.

కొనేముందు ఇవి చూడండి

* లెన్స్‌ పూర్తి పేరు: ‘18-55కి హుడ్‌ కావాలి’ అంటే సరిపోదు. లెన్స్‌ మీదున్న పేరంతా చదివి, దానికి కంపెనీ చెప్పిన హుడ్‌ నంబర్‌ తెలుసుకోండి. అదే నంబర్‌కి సరిపోయే వేరే తయారీ హుడ్‌ చాలా తక్కువ ధరకు దొరుకుతుంది. కానన్‌ 50 ఎంఎం ఎఫ్‌/1.8 ఎస్‌టీఎంకి ఈఎస్‌-68, నికాన్‌ డీఎక్స్‌ 35 ఎంఎం ఎఫ్‌/1.8జీకి హెచ్‌బీ-46. నికాన్‌ లెన్స్‌తో హుడ్‌ కూడా ఇస్తారు కాబట్టి ముందు డబ్బా వెతకండి!

* థ్రెడ్‌ కొలత ఒక్కటే చాలదు: సున్నా మీద అడ్డగీత గుర్తు పక్కన ఉండే అంకె ఫిల్టర్‌ థ్రెడ్‌ సైజు. కానన్‌ 18-55 ఎస్‌టీఎంకీ, 55-250 ఎస్‌టీఎంకీ అది 58 ఎంఎం. అలాగని 55-250కి పెట్టే పొడవాటి హుడ్‌ 18 ఎంఎం దగ్గర పెడితే గొట్టంలోంచి చూసినట్టే ఉంటుంది.

* లోపలి నలుపు: లోపల మెరిసే ప్లాస్టిక్‌ ఉంటే హుడ్డే వెలుగును లెన్స్‌లోకి కొడుతుంది. మెరుపు లేని నలుపు, గీతలు ఉన్నది మంచిది.

* బిగింపు: తిప్పగానే ‘టక్‌’మని ఆగాలి. వదులుగా ఊగితే వద్దు.

* మడిచే రబ్బరు హుడ్‌: థ్రెడ్‌కి బిగించేది, చవక. లెన్స్‌కి సరైన హుడ్‌ దొరకనప్పుడు పనికొస్తుంది. వైడ్‌లో మాత్రం వెనక్కి మడవాలి.

రిటర్న్‌ గడువులోనే పరీక్ష

హుడ్‌ రాగానే జూమ్‌ని పూర్తిగా వైడ్‌లో పెట్టి, సమానంగా వెలుగున్న తెల్లగోడని హుడ్‌ లేకుండా, హుడ్‌తో తీయండి. ఎఫ్‌/3.5లో ఒకటి, ఎఫ్‌/11లో ఒకటి. రెండు జతలనూ పక్కపక్కన పెట్టి మూలలు చూడండి. హుడ్‌తో మూలలు ఎక్కువ నల్లబడ్డాయా? వెంటనే వాపస్‌ పంపేయండి. ఇంకో మాట, కెమెరాలోని ఫ్లాష్‌ వాడేటప్పుడు హుడ్‌ తీసేయాలి. లేకపోతే దాని నీడ ఫొటో కింది భాగంలో పడుతుంది.

చేతిలో డబ్బుల్లేవా?

ముందు లెన్స్‌ మీద వేలిముద్రలు తుడవండి. చవక యూవీ ఫిల్టర్‌ ఉంటే తీసి చూడండి, వెలిసిపోవడానికి అదీ కారణం కావచ్చు. ఎండ వచ్చే వైపు, ఫ్రేమ్‌లోకి రాకుండా, ఫ్రెండ్‌తో నోట్‌బుక్‌ అడ్డం పెట్టించండి. లేదంటే నల్ల చార్ట్‌ పేపర్‌ని లెన్స్‌ చుట్టూ చుట్టి రబ్బర్‌బ్యాండ్‌ వేయండి. తెల్లగోడ పరీక్షలో మూలలు శుభ్రంగా వచ్చేదాకా కొంచెం కొంచెంగా కత్తిరించుకుంటూ పోవడమే.

చివరికి నేను నా లెన్స్‌ నంబర్‌ చెప్పి, కోఠీలో రూ.250కి గుండ్రటి హుడ్‌ కొన్నా. ఇప్పటికీ బాబాయ్‌ కెమెరాకి అదే ఉంది. ఆ నిశ్చితార్థం వాళ్లకి మాత్రం జరిగింది జరిగినట్టు చెప్పి, ఫొటోలు ఎడిటింగ్‌లో వీలైనంత బాగుచేసి, రెండు వేలే తీసుకున్నా. వదులుకున్న వెయ్యికి అలాంటి హుడ్‌లు నాలుగు వచ్చేవి.