మ్యూజిక్ డిగ్రీ చేస్తే డబ్బులొస్తాయా? లెక్క వేసి చూద్దాం

ఇంటర్ అయిపోయింది, గొంతు బాగుంది, "నేను మ్యూజిక్ కాలేజీలో చేరతాను" అని ఇంట్లో చెప్పారనుకోండి. వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: "పాట కూడు పెడుతుందా?" దానికి కోపం తెచ్చుకోవద్దు. అది న్యాయమైన ప్రశ్నే. కాకపోతే అవును, కాదు అని ఒక్క ముక్కలో తేలేది కాదు. అందుకే ఈ ఎపిసోడ్‌లో కాగితం, పెన్ను పట్టుకుని లెక్క వేద్దాం.

ముందు ఖర్చు. చాలామంది ఫీజు ఒక్కటే చూస్తారు. నిజానికి మూడు ఖర్చులుంటాయి. ఒకటి ఫీజు. రెండు హాస్టల్, తిండి, వాయిద్యం, ప్రయాణాలు. మూడోది ఎవరూ రాయరు, ఆ మూడేళ్లు మీరు ఉద్యోగం చేయకపోవడం వల్ల రాని జీతం. నెలకి 15 వేలు వచ్చే పని దొరికేది అనుకుందాం. మూడేళ్లకి 5 లక్షల 40 వేలు. ఇది ఏ డిగ్రీకైనా ఉండే ఖర్చే, అయినా కాగితం మీద ఉండాలి.

ఫీజుల్లో తేడా మాత్రం మామూలుగా లేదు. ఒక చివర ప్రభుత్వ సంగీత కళాశాలలు. విజయనగరం మహారాజా సంగీత కళాశాల 1919 నుంచి నడుస్తోంది. ఘంటసాల, పి. సుశీల అక్కడ చదివినవాళ్లే. ఇంకో చివర అమెరికాలో బోస్టన్‌లోని బర్‌క్లీ లాంటివి. అక్కడ ట్యూషన్ ఫీజే ఏడాదికి 45 వేల డాలర్లు దాటుతుంది. అంటే మన డబ్బుల్లో 38 లక్షల పైమాటే. అదీ ఒక్క ఏడాదికి.

ఇప్పుడు అప్పు సంగతి. 10 లక్షల లోను, 10 శాతం వడ్డీ, పదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 13,200 కట్టాలి. 40 లక్షలైతే సుమారు 52,900. చదువుతున్నప్పుడు పెరిగే వడ్డీ దీని మీద అదనం. ఈ అంకెల్ని గుర్తు పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇక సంపాదన. సంగీతంలో డబ్బు వచ్చే దారులు ప్రధానంగా మూడు.

మొదటిది ఉద్యోగం. ఇక్కడ డిగ్రీ తప్పనిసరి. కేంద్రీయ విద్యాలయాల్లో మ్యూజిక్ టీచర్ పోస్టుకి సంగీతంలో బ్యాచిలర్ డిగ్రీ అడుగుతారు. మూల వేతనం 35,400, డీఏ లాంటివి దాని మీద కలుస్తాయి. పీజీలో 55 శాతం తెచ్చుకుని, నెట్ పాసై, యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ అయితే మూల వేతనం 57,700 నుంచి మొదలు. వినడానికి బాగుంది కదా? కానీ పోస్టులు తక్కువ, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మన చేతిలో ఉండదు. ఇంకో మాట: సంగీత కళాశాలల్లో సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు కూడా ఉంటాయి. అవి డిగ్రీతో సమానం అనుకుని చేరకండి. మీరు ఆశపడే పోస్టు పాత నోటిఫికేషన్ తీసి, అర్హత దగ్గర ఏం రాశారో చదివాకే చేరండి.

రెండోది పాఠాలు చెప్పడం. నెలకి 1,500 చొప్పున 12 మంది పిల్లలు ఉన్నారనుకుందాం, 18 వేలు. అమెరికాలో ఉన్న తెలుగువాళ్ల పిల్లలకి ఆన్‌లైన్‌లో చెబితే ఫీజు ఎక్కువే తీసుకోవచ్చు, కాకపోతే వాళ్ల సాయంత్రం మనకి తెల్లవారుజాము. ఇక్కడ డిగ్రీ నమ్మకం కలిగిస్తుంది, అంతే. రెండో నెల కూడా పిల్లాడు క్లాసుకి వస్తున్నాడా అనేదే అసలు పరీక్ష.

మూడోది స్టేజీ, సినిమా, రికార్డింగ్. ఇక్కడ సర్టిఫికెట్ ఎవరూ అడగరు, పాడమంటారు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు చేరింది ఇంజినీరింగ్‌లో. అలాగని కాలేజీ దండగ అనలేం, ఘంటసాల గారి పేరు ఇందాకే చెప్పాను. ఆకాశవాణి ఆడిషన్‌లో కూడా చూసేది పాటే, దాన్ని బట్టే బి, బి హై, ఎ అని గ్రేడు ఇస్తారు.

ఇప్పుడు లెక్క కలుపుదాం. నా సూత్రం ఇది: ఉద్యోగం రాకపోయినా సంపాదించగలిగే డబ్బు ఎంతో, అందులో మూడో వంతుకి మించి ఈఎంఐ ఉండకూడదు. పాఠాలతో 18 వేలు వస్తే ఈఎంఐ 6 వేలు. ఇందాకటి వడ్డీ లెక్కలో దానికి వచ్చే లోను సుమారు నాలుగున్నర లక్షలు. అంతకు మించి అప్పు కావాలనే కాలేజీ అయితే స్కాలర్‌షిప్ ఉత్తరం చేతికి వచ్చాకే సంతకం పెట్టండి. "సినిమాలో ఛాన్స్ వస్తే తీర్చేస్తా" అనేది లెక్క కాదు, ఆశ. ఆశ ఉండాలి, కానీ దాని మీద ఇల్లు తాకట్టు పెట్టకూడదు.

మరి కాలేజీ ఇచ్చేది ఏంటి? రోజూ సాధన చేసే టైము, తప్పు పాడితే ఆపే గురువు, పక్కన మృదంగం వాయించే స్నేహితుడు. ఇవి నెలజీతంలో కనిపించవు కానీ పదేళ్ల తర్వాత మీ పాటలో వినిపిస్తాయి. తక్కువ ఫీజుకి ఇవి దొరికే చోటు ఉంటే నా ఓటు దానికే. ఫీజు భారమైతే మామూలు డిగ్రీ చేస్తూ సాయంత్రం గురువు దగ్గర నేర్చుకోవడం చిన్నతనం ఏమీ కాదు. కాకపోతే మొదటి దారి మూసుకుపోతుందని తెలిసే ఆ నిర్ణయం తీసుకోండి.

ఈ వారం ఒక్క పని చేయండి. మీరు చేరదామనుకున్న కాలేజీలో ఐదేళ్ల క్రితం పాసైన ముగ్గుర్ని వెతికి పట్టుకోండి. "అన్నా, అక్కా, ఇప్పుడు నెలకి ఎంత వస్తోంది, ఎక్కడి నుంచి వస్తోంది?" అని అడగండి. బ్రోషర్ చెప్పనిది వాళ్లు చెబుతారు. ఆ మూడు జవాబులూ కాగితం మీద రాసుకుని అప్పుడు అమ్మానాన్నల ముందు కూర్చోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.