తిరుగు ప్రయాణం ముందు జబ్బు దాచొద్దు

అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్లిన తల్లిదండ్రులలో కొందరు, తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా చెప్పకుండానే విమానం ఎక్కుతుంటారు. ఆసుపత్రి బిల్లు పిల్లలపై పడుతుందన్నదే వారి బెంగ. ఇది ప్రాణాల మీదికి తేగలదు.

ఎగిరే విమానంలో గాలి ఒత్తిడి 6,000 నుంచి 8,000 అడుగుల ఎత్తైన కొండపై ఉన్నట్లే ఉంటుంది. రక్తంలో ప్రాణవాయువు తగ్గి గుండె, ఊపిరితిత్తుల రోగులకు ముప్పు పెరుగుతుంది. గంటల తరబడి కదలక కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టవచ్చు.

అమెరికాలో 1986 నాటి చట్టం ప్రకారం అత్యవసర విభాగమున్న దాదాపు ప్రతి ఆసుపత్రీ, డబ్బు చెల్లించే స్తోమతతో నిమిత్తం లేకుండా రోగిని పరీక్షించి, ప్రాణాపాయం తప్పేలా చికిత్స చేయాలి. బిల్లు మాత్రం తరువాత వస్తుంది. అందుకే ప్రయాణ బీమాను తిరుగు తేదీకి మించి కొన్ని రోజులు ఉండేలా ముందే తీసుకోవడం మేలు.

ప్రయాణం వాయిదా పడితే వీసా ముద్రపై తేదీని కాక, ఐ-94 పత్రంలోని బస గడువును చూసుకోవాలి. ఆ గడువు దాటేలా ఉంటే ముందుగానే వైద్యుని లేఖ జతపరచి, ఐ-539 దరఖాస్తుతో పొడిగింపు కోరాలి. టికెట్ తేదీ మార్చుకోవచ్చు, ప్రాణం పోతే తిరిగి రాదు.