నొప్పి లేని పుండును నమ్మవద్దు

షుగర్ వ్యాధి ఉన్నవారు కాలి పుండు ముదిరిన తరువాత మా వార్డుకు వస్తారు. ఇన్ని రోజులు ఎందుకు ఆగారని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: "నొప్పి లేదు కదా సిస్టర్, అదే మానుతుందనుకున్నాం." నొప్పి తెలియకపోవడమే అసలు ప్రమాదం.

శరీరంలో ఏదైనా భాగానికి రక్తం అందకపోయినా, ఇన్‌ఫెక్షన్ తీవ్రమైనా అక్కడి చర్మం, కండ చనిపోతాయి. దీనినే గాంగ్రీన్ అంటారు. చనిపోయిన కండను ఏ మందూ బ్రతికించలేదు.

షుగర్ ఏళ్ల తరబడి అదుపులో లేకపోతే పాదాల నరాలు దెబ్బతిని స్పర్శ తగ్గుతుంది. ముల్లు గుచ్చుకున్నా, చెప్పు కరిచినా తెలియదు. రక్తనాళాలు సన్నబడడం వల్ల గాయం త్వరగా మానదు. బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

పొడి గాంగ్రీన్‌లో వేలు చల్లబడి, నల్లబడి, ఎండిపోతుంది. తడి గాంగ్రీన్‌లో వాపు, బొబ్బలు, చీము, దుర్వాసన, జ్వరం కనిపిస్తాయి. ఇది కొద్ది గంటల్లోనే పైకి పాకి ప్రాణం తీయవచ్చు. రాత్రయినా సరే, తెల్లవారే వరకు ఆగకుండా ఆస్పత్రికి రండి.

"వేలు తీసేస్తారేమో" అనే భయంతో కొందరు పసరు కట్లతో కాలం గడుపుతారు. త్వరగా వస్తే మూసుకుపోయిన రక్తనాళాన్ని తెరిచి పాదాన్ని కాపాడే అవకాశం ఉంటుంది. వేలు తీయవలసి వచ్చినా కాలు దక్కవచ్చు. ఆలస్యమైతే మోకాలి వరకు తీయవలసి రావచ్చు.

ఇంట్లో పాటించవలసినవి:

1. రోజూ పాదాలు కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడవండి.
2. అరికాళ్లు అద్దంలో చూసుకోండి. చూపు సరిగా లేనివారు ఇంట్లో వారిచేత చూపించుకోండి.
3. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోండి. వేసుకునే ముందు దులపండి.
4. ఆనెలను బ్లేడుతో కోయవద్దు, జిల్లేడు పాలు పూయవద్దు.
5. తిమ్మిరిగా ఉన్న పాదాలకు వేడి కాపడం పెట్టవద్దు. కాలినా తెలియదు.
6. సంవత్సరానికి ఒక్కసారైనా పాదాల స్పర్శను, రక్తప్రసరణను పరీక్ష చేయించుకోండి.

చిన్న పుండైనా, రంగు మారిన వేలైనా ఆ రోజే చూపించండి. నొప్పి మొదలయ్యే వరకు ఆగవద్దు.