సముద్రాలు దాటే పెళ్లిచూపులు!

అబ్బాయి తరఫువాళ్లు వస్తున్నారంటే ఇంట్లో ఎంత హడావుడి! ఎంతమంది వస్తున్నారు, వాళ్లలో ఎవరి మాట చెల్లుతుంది, పెద్దాయనకు షుగరుందా, వర్జ్యం ఎప్పుడు... అన్నీ ముందే వాకబు చేస్తారు. వాళ్లు కూర్చునేది గంటే. ఆ గంట సజావుగా సాగడం వెనక పది రోజుల కసరత్తు ఉంటుంది. విదేశీ కంపెనీతో వ్యాపార సమావేశమూ అచ్చంగా అలాంటిదే. కాకపోతే ఇక్కడ భాష వేరు, గడియారం వేరు, ఆఖరికి 'సరే' అనే మాటకు అర్థమూ వేరు.

పెద్ద కంపెనీల్లో అయితే ఇవన్నీ చూసుకోవడానికి ప్రత్యేకంగా ఓ విభాగమే ఉంటుంది. చిన్న ఎగుమతిదారుకు ఆ వెసులుబాటు ఉండదు. బేరం కుదిరితే ఏడాది పొడవునా పని. కుదరకపోతే విమానం టిక్కెట్ల ఖర్చుకి తోడు, అమ్ముడుపోని సరకుకు శీతల గిడ్డంగి అద్దె! అందుకే గుంటూరు మిర్చి వ్యాపారి ఒకరు తొలిసారి జపాన్ కొనుగోలుదారును కలవడానికి టోక్యో వెళ్తున్నారనుకుందాం. ఆ ప్రయాణంలో ఎక్కడెక్కడ జాగ్రత్త పడాలో చూద్దాం.

పది నిమిషాలే... అయితేనేం!

ముందు తేల్చుకోవాల్సింది, అసలు ఎందుకు కలుస్తున్నామన్నది. 'పరిచయం చేసుకుని మాట్లాడదాం' అనేది లక్ష్యం కాదు. 'నమూనా కింద ఒక కంటైనరుకు ఆర్డరు తీసుకోవాలి' అన్నది లక్ష్యం. అది ఒక్క వాక్యంలో రాసుకోగలిగితే ఏం చెప్పాలో, ఏం వదిలేయాలో తెలుస్తుంది.

1997లో బిల్‌గేట్స్ ఢిల్లీ వచ్చినప్పుడు, అప్పటి ఉమ్మడి రాష్ట్ర ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు ఆయన్ని కలిశారు. ఇచ్చింది పది నిమిషాలేననీ, ల్యాప్‌టాప్‌తో సిద్ధంగా వెళ్లి వివరించడంతో అది నలభై నిమిషాలు సాగిందనీ చంద్రబాబు చాలాసార్లు చెప్పారు. ఆ మరుసటి ఏడాదే మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం హైదరాబాద్‌లో మొదలైంది. ఒక్క భేటీతోనే అంతా జరిగిపోయిందనలేం కానీ, చెప్పాల్సింది పది నిమిషాల్లోకి కుదించుకుని వెళ్లినవారికే మిగతా ముప్ఫై నిమిషాలు దొరుకుతాయన్నది మాత్రం నిజం.

ఆ అరగంటతో జాగ్రత్త

మన గడియారం గ్రీన్‌విచ్ సమయానికన్నా అయిదున్నర గంటలు ముందుంటుంది. చాలా దేశాల లెక్క పూర్తి గంటల్లోనే ఉంటుంది కాబట్టి, మన అరగంట దగ్గర పొరబడేవారు ఎక్కువ. టోక్యో మనకన్నా మూడున్నర గంటలు ముందు. మనం భోంచేసి తీరిగ్గా రెండున్నరకు ఫోన్ చేస్తే అక్కడ సాయంత్రం ఆరు!

అమెరికాతో ఇంకో చిక్కు. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారాన్ని గంట ముందుకు తిప్పి, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి తెస్తారు. దాంతో న్యూయార్క్‌కూ మనకూ తేడా చలికాలంలో పదిన్నర గంటలు, వేసవిలో తొమ్మిదిన్నర. ఐరోపా దేశాలు తిప్పేదేమో మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో. కాబట్టి ఉత్తరంలో రెండు దేశాల సమయాలూ పక్కపక్కన రాయడం మేలు.

తేదీ విషయంలోనూ అంతే. 5/6 అంటే మనకు జూన్ అయిదు, అమెరికన్లకు మే ఆరు. నెల పేరు అక్షరాల్లో రాస్తే గొడవే ఉండదు. లక్షలు, కోట్లు కూడా మన సరిహద్దు దాటితే చాలామందికి అర్థం కావు. కోటి అంటే 10 మిలియన్లు అని మార్చి చెప్పాలి.

సెలవుల సంగతీ చూసుకోవాలి. ఏప్రిల్ చివర, మే మొదట్లో జపాన్‌లో 'గోల్డెన్ వీక్' సెలవులు. సౌదీ అరేబియాలో 2013 నుంచి వారాంతపు సెలవులు శుక్ర, శనివారాలు. పొరుగునే ఉన్న యూఏఈలో 2022 నుంచి ప్రభుత్వ కార్యాలయాలకు శుక్రవారం ఒంటిపూట పని, శని, ఆదివారాలు సెలవు. ఒకే ప్రయాణంలో రెండూ చుట్టిరావాలనుకుంటే తేదీలు చూసి మరీ టిక్కెట్లు కొనాలి.

కాగితాలు ముందు... మనిషి తర్వాత

చెట్టును ఒకచోటి నుంచి తీసి మరోచోట నాటేముందు దాని వేళ్ల చుట్టూ జాగ్రత్తగా తవ్వి సిద్ధం చేస్తారు. జపనీయులు దాన్ని 'నెమవాషి' అంటారు. వ్యాపారంలోనూ అదే మాట వాడతారు. సమావేశానికి ముందే సంబంధించిన వాళ్లందరితో విడివిడిగా మాట్లాడి ఏకాభిప్రాయం తేవడమన్నమాట. కాబట్టి అక్కడ బల్ల దగ్గర కూర్చున్నాక కొత్త సంగతి బయటపెట్టి, అప్పటికప్పుడు తేల్చమంటే పని జరగదు. ధరల పట్టిక, నమూనాలు, పరీక్ష నివేదికలు ముందుగానే పంపాలి.

మిర్చి విషయంలో ఆ నివేదికలే ప్రాణం. ప్రత్యేకంగా పరిమితి నిర్ణయించని పురుగుమందు అవశేషం ఏదైనా సరే, కిలోకు 0.01 మిల్లీగ్రాము మించకూడదన్న నిబంధన జపాన్‌లో 2006 నుంచి ఉంది. ఘాటును స్కోవిల్ యూనిట్లలో, రంగును ఆస్టా యూనిట్లలో చెప్పాలి. 'మా కాయ మంచి ఘాటండీ' అంటే చాలదు. స్పైసెస్ బోర్డు ప్రయోగశాల గుంటూరులోనే ఉంది కాబట్టి పరీక్షల కోసం దూరం పోనక్కర్లేదు. వ్యాపార వీసాకు అవతలి కంపెనీ నుంచి ఆహ్వానపత్రం కావాలి. అది వచ్చేందుకూ వ్యవధి వదిలిపెట్టుకోవాలి.

పేరు, కార్డు, పళ్లెం

మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది. పైగా చాలామంది దాన్ని ఒక్క అక్షరంగా కుదించేస్తారు. ఎవరిని ఏమని పిలవాలో అవతలివాళ్లకు తెలియదు. పిలవాల్సిన పేరును కార్డు మీద కొట్టొచ్చినట్టు అచ్చు వేయిస్తే ఆ ఇబ్బంది తప్పుతుంది. జపాన్‌లో ఆ కార్డును రెండు చేతులతో ఇవ్వాలి, రెండు చేతులతో తీసుకోవాలి. చూడకుండా జేబులో కుక్కితే మనిషిని చిన్నబుచ్చినట్టే. సమావేశం అయ్యేదాకా బల్ల మీదే ఉంచాలి.

శాకాహారులైతే ఆ సంగతి వారం ముందే చెప్పాలి. అక్కడ కూరగాయల పులుసులోనూ చేపలతో కాచిన రసం పోయడం మామూలే. పళ్లెం ముందు కూర్చున్నాక చెబితే పిలిచినవాళ్లు నొచ్చుకుంటారు.

దుబాసీ ఉంటే ప్రతి మాటా రెండుసార్లు వినిపిస్తుంది. అంటే గంట సమావేశంలో మనకు మిగిలేది అరగంటే. ఆయనకు మన వ్యాపార పదాల జాబితా ముందురోజే ఇవ్వాలి. మాట్లాడేటప్పుడు దుబాసీ వైపు కాదు, కొనుగోలుదారు వైపు చూడాలి.

'కబురు చేస్తాం' అంటే?

పెళ్లిచూపులయ్యాక 'ఇంటికెళ్లి కబురు చేస్తాం' అంటే ఏంటో మనకు విడమరిచి చెప్పక్కర్లేదు. జపాన్‌లో 'కెంతో షిమాసు' అన్నదీ చాలాసార్లు అలాంటిదే. 'పరిశీలిస్తాం' అని పైకి అర్థం, 'కుదరదు' అని లోపలి అర్థం. వాళ్లు మాటమాటకీ 'హాయ్' అన్నారంటే ఒప్పుకున్నారని కాదు, వింటున్నామని! అలాగే మనం మొహమాటానికి 'చూద్దాంలెండి' అన్నా, తల అడ్డంగా ఆడించినా వాళ్లకు అంతుబట్టదు. నెలకు రెండు కంటైనర్లే ఇవ్వగలిగితే రెండనే చెప్పాలి. ఆర్డరు పోతుందేమోనన్న భయంతో నాలుగంటే, పోయేది ఆర్డరు ఒక్కటే కాదు.

బయటికొచ్చిన రోజే, ఎవరు ఏం ఒప్పుకున్నారో, ఎప్పటిలోగా చేయాలో ఒక పేజీలో రాసి పంపాలి. ఓడ ఖర్చు ఎవరిది, సొమ్ము ఎప్పుడు, ఎల్‌సీ తెరిచేదెప్పుడు... అన్నీ అందులో ఉండాలి. తేడా ఉంటే అప్పుడే తేలిపోతుంది, సరకు రేవులో ఉన్నప్పుడు కాదు.

ఇంతా చేసి వెళ్లినా తొలి సమావేశంలోనే ఆర్డరు చేతికి రాకపోవచ్చు. కానీ అడిగిన కాగితం ముందే పంపి, చెప్పిన వేళకు వచ్చి, కానిది కాదని చెప్పిన మనిషి గుర్తుండిపోతారు. వచ్చే పంట చేతికొచ్చేసరికి అటునుంచి ఫోన్ మోగాలంటే ఆ గుర్తే పెట్టుబడి!