చాల్ గదిలో ఆకుకూరల పెంపకం: వెలుగును, స్థలాన్ని పొదుపుగా వాడుకొనే విధానం

కామాఠీపురా నుంచి దాదర్ దాకా ఉన్న చాళ్లలో ఎన్నో తెలుగు కుటుంబాలు తరతరాలుగా ఒంటి గదులలోనే కాపురం చేస్తూ వచ్చాయి. దాదర్‌ను ఆనుకొని నాయ్‌గావ్‌లో 1920ల నాడు కట్టిన బి.డి.డి. చాళ్లలో ఒక్కొక్క గది 160 చదరపు అడుగులు మాత్రమే. ఇటువంటి ఇంట ఆకుకూర పెంచదలచినవారికి మన్ను, విత్తనం, నీరు సులువుగానే సమకూరుతాయి. కొరత వెలుగుకే. కనుక కుండీ కొనే ముందు వెలుగును కొలుచుకోవడం మేలు.

ఎండను గుర్తించడం

ముంబయి సుమారు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. డిసెంబరులో మధ్యాహ్న సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు గనుక దక్షిణపు గ్యాలరీలోకి ఎండ లోపలి వరకు వస్తుంది. మే నడుమ సూర్యుడు నడినెత్తికి చేరగా అదే గ్యాలరీ చూరు నీడలో పడుతుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు మబ్బు వెలుగే ఆధారం. సెలవు రోజున గంటకొకసారి ఎండ పడిన చోట సుద్దముక్కతో గీత గీస్తే ఏ మూల ఎన్ని గంటల ఎండ ఉందో తేలుతుంది. ఋతువు మారినప్పుడు మళ్లీ గీయాలి.

ఆరు గంటల ఎండ ఉంటే మిరప, గోంగూర, కరివేపాకు పెరుగుతాయి. మూడు నాలుగు గంటలే ఉంటే పాలకూర, కొత్తిమీర, పుదీనా, బచ్చలి నయం. అంతకన్న తక్కువైతే లేత మెంతి ఉత్తమం. ముంబయి బజారులలో చిన్న కట్టలుగా అమ్మే సముద్రమేథీ ఇటువంటిదే. ఇసుకలో మొలిపించి రెండు వారాల లోపే కోస్తారు.

స్థలాన్ని నిలువుగా వాడడం

పొట్టి మొక్కలను కిటికీ వైపు, పొడవైనవాటిని వెనుక ఉంచితే ఒకదాని నీడ మరొకదానిపై పడదు. బచ్చలి తీగను తాడు మీదికి పాకిస్తే నేల మిగులుతుంది. గోడకు తెల్ల సున్నం వేస్తే పడిన వెలుగు తిరిగి మొక్కలకు చేరుతుంది. మొక్కలు వెలుగు వైపు వంగకుండా కుండీలను రెండు మూడు రోజులకొకసారి పావు చుట్టు తిప్పాలి. నాలుగు పళ్లేలలో వారానికొకటి చొప్పున మెంతి చల్లితే కోత వంతులవారీగా అందుతుంది.

దీపపు వెలుగు

కిటికీ నుంచి రెండడుగులు లోపలికి జరిగితే వెలుగు బాగా తగ్గుతుంది. కన్ను అలవాటు పడుతుంది గనుక ఆ తేడా తెలియదు. అటువంటి చోట తెల్లని ఎల్.ఈ.డి. ట్యూబు సాయపడుతుంది. 20 వాట్ల ట్యూబు రోజుకు 12 గంటలు వెలిగితే నెలకు 7.2 యూనిట్లు ఖర్చవుతుంది. దీపం దూరమైన కొద్దీ వెలుగు వేగంగా క్షీణిస్తుంది. చిన్న బల్బు విషయంలో దూరం రెట్టింపైతే అందే వెలుగు నాలుగో వంతే. అందుచేత దీపాన్ని ఆకులకు అడుగు లోపే వేలాడదీయాలి. ప్లగ్గు, తీగలు తడి తగలని ఎత్తున ఉండాలి.

బరువు, నీరు, ఇరుగుపొరుగు

అడుగు వెడల్పు కుండీలో తడిసిన మట్టి ఇరవై కిలోలు దాటవచ్చు. పాత చాళ్ల కొయ్య గ్యాలరీలు అటువంటి కుండీల వరుసను మోయలేవు. కొబ్బరి పొట్టు, కంపోస్టు కలిపితే బరువు బాగా తగ్గుతుంది. పిట్టగోడ అంచున కుండీ పెడితే గాలివానకు కింద నడిచేవారి తలపై పడే ప్రమాదం ఉంది. గ్యాలరీ అందరి దారి. అగ్నిప్రమాద సమయంలో బయటపడేందుకు అదే మార్గం. దానిని ఇరుకు చేయరాదు.

కుండీ కింది పళ్లెంలో నిలిచిన నీట దోమ గుడ్డు సుమారు వారం పది రోజులలో రెక్కల దోమగా మారుతుంది. డెంగీని, మలేరియాను అరికట్టేందుకు వారానికి ఒకసారైనా పళ్లేలను ఒంపి, రుద్ది, ఆరబెట్టాలి. వానాకాలంలో ఈ పనిని ఒక్క ఇల్లు విస్మరించినా ఆ ఫలితం అంతస్తు మొత్తం అనుభవించవలసి వస్తుంది.